టోపీలు ఊడిన అక్షరాలు

ఇది ఒక మహాగాథ. ఇందులో ముప్పై ఏళ్ళ కీర్తి ఉంది. దాన్ని పడగొట్టిన ద్రోహం ఉంది. ఓడి, మళ్ళీ ఓడి, చివరికి లేచి నిలబడిన వీరుడున్నాడు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కొంగో కండువానో దగ్గర పెట్టుకుని చదవాలి.

అంత లేదు. ఇందులో ఒక ఫాంటు, ఒక స్కూలు బస్సు, ఒక పాత గుడ్డ ఉన్నాయి. ద్రోహం చేసినవాడు ప్రేమతోనే చేశాడు. వీరుడు చాలాసేపు కుర్చీలోనే కూర్చుని ఉంటాడు. కండువాలు మడతపెట్టేయవచ్చు.

నేను గుండ్లపోచంపల్లిలో ఒక గోడౌన్‌లో పనిచేస్తాను. పెట్టెల మీద అంటించే లేబుళ్ళు సరిగ్గా అచ్చయ్యాయో లేదో చూడటం నా ఉద్యోగం. ఆరు రోజులు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ చూసి చూసి, ఏడో రోజు తెలుగు అక్షరాలు గీయడం మొదలుపెట్టాను. దీన్ని కళాతృష్ణ అంటారని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. పనిలేని పని అంటారని మా అమ్మ చెప్పింది. ఇద్దరిలో అమ్మే నిజానికి దగ్గరగా వచ్చింది.

ఆ అక్షరాలు కూడా నావి కావు. మేడ్చల్‌లో హైవే పక్క సందులో ఒక చాచాకు రేడియం దుకాణం ఉంది. బండ్ల మీద అంటించే మెరుపు స్టిక్కర్లను ఇక్కడ అందరూ రేడియం అనే అంటారు; సైన్సు టీచర్లు విననట్టు వెళ్ళిపోతారు. అంతకుముందు చాచా లారీల వెనక బ్రష్షుతో రాసేవాడు. నేను బడికి నడిచి వెళ్ళే రోజుల్లో హైవే పక్కన ఆగిన లారీల వెనక ఆయన అక్షరాలే చదివేదాన్ని. పాఠ్యపుస్తకం కంటే పెద్దవి, రంగులున్నవి, పరీక్ష లేనివి. పెద్దయ్యాక ఫోన్ వచ్చాక, మిగిలిన లారీలను వెతికి ఫొటోలు తీశాను. వాటిని చూసి ఒక్కొక్క అక్షరం కంప్యూటర్‌లో గీశాను. అడగకుండా తీసుకోవడం బాగుండదని ముందు దుకాణానికి వెళ్ళాను.

"చాచా, నీ అక్షరాలు తీస్కోవాల్నా?"

"తీస్కో బేటీ. గిన్నేండ్లు లారీలు తీస్కపోయినయ్. నువ్వు తీస్కపోతే ఏమైతది."

ఒప్పందం అంతే. రెండు సంవత్సరాల ఆదివారాలు పెట్టి ఫాంటు పూర్తిచేసి నెట్‌లో ఉచితంగా పెట్టాను. ఎవరైనా వాడుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు, తప్పు కనబడితే దాని పేజీలో రాయవచ్చు. మొదటి ఏడాది ఆ పేజీకి మూడు అభిప్రాయాలు వచ్చాయి. ఒకటి, 'బాగుంది'. రెండోది, రూపాయి గుర్తు లేదని. మూడోది, ఎవరో సిమెంటు అమ్ముతామని పెట్టిన ప్రకటన. మూడింటికీ వినయంగా జవాబిచ్చాను. రూపాయి గుర్తు గీశాను. సిమెంటు కొనలేదు.

నాలుగో అభిప్రాయం చాచా నుంచి వచ్చింది. అది పేజీలో రాలేదు.

అప్పటికి ఆయన కుడిచేతికి వణుకు వచ్చి కొంతకాలమైంది. బ్రష్షు మానేశాడు. బ్లేడుతో రేడియం కోయడం కూడా మానేశాడు. ఆయన అల్లుడు దుకాణంలో ఒక కటింగ్ మిషన్ పెట్టించాడు. మాట టైపు చేస్తే మిషన్‌లోని చిన్న కత్తి రేడియం షీటు మీద అక్షరాల అంచుల వెంట తిరుగుతుంది. కోశాక చుట్టూ ఉన్న వేస్టును లాగేయాలి. మిగిలిన అక్షరాలను వెడల్పాటి టేపుతో వరస చెదరకుండా ఎత్తి, బండి మీద పెట్టి ఒత్తాలి. కోసేది మిషన్, ఒత్తేది చాచా. తెలుగు పని వస్తే నా ఫాంటు తప్ప వేరేది పెట్టనిచ్చేవాడు కాదు. అభిమానం అనుకునేదాన్ని. నిజానికి అవి ఆయన అక్షరాలే కాబట్టి, ఆయనకు తన మీద ఉన్న అభిమానం.

శామీర్‌పేట వైపు నుంచి ఒక స్కూలు బస్సు దుకాణానికి వచ్చింది. వెనక అద్దం కింద ఎర్ర రేడియంతో 'బస్సు ఆగినప్పుడు సహనం పట్టండి' అని అంటించారు. రెండు వారాలు తిరక్కముందే అల్లుడి ఫోన్‌కు డ్రైవరు ఫొటో పంపాడు. ప మీద, స మీద, హ మీద తలకట్లు లేవు. మిగతా అక్షరాలన్నీ ఉన్నాయి. ఒక్క 'సహనం'లోనే రెండు తలకట్లు పోయాయి.

ఆ శనివారం నేను దుకాణం ముందు స్కూటీ ఆపాను. చాచా లోపలి నుంచి సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డ తెచ్చి స్కూటీ ముందుభాగం గట్టిగా తుడిచాడు.

"ఏం బండి బేటీ గిది. బర్రె లెక్కున్నది."

తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడిచి, దాని మీద ఒక ప అంటించాడు. బోడి ప. తలకట్టు లేదు.

"గిదేంది చాచా?"

"కంప్లైంట్."

"నెట్ల పేజీ ఉన్నది చాచా. కంప్లైంట్ అండ్ల రాయాలె."

"గా పేజీ రోజు సూస్తవా?"

"వారానికొకపారి."

"స్కూటీ రోజు సూస్తవ్ గదా."

ప్రపంచంలో ఇంకే ఫాంటు పేజీకీ ఇంజనూ బ్రేకులూ ఉండి ఉండవు.

విషయం ఏమిటంటే, మా ఫాంటులో ప, స, హ లాంటి కొన్ని అక్షరాల మీద తలకట్టు అక్షరాన్ని ముట్టుకోకుండా గాలిలో ఉంటుంది. చాచా దాన్ని టోపీ అనేవాడు. వేస్టు లాగేటప్పుడు ఆ చిన్న టోపీలు దానితో పాటు వచ్చేసేవి. చాచా వాటిని చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, పట్టుకుని ఒక్కొక్కటీ మళ్ళీ అక్షరం నెత్తిన పెట్టేవాడు, వణికే చేత్తో.

"టోపీకీ మనిషికీ నడుమ గంత ఖాళీ ఎందుకు పెట్టినవ్ బేటీ?"

"నేను పెట్టలే చాచా. నువ్వే పెట్టినవ్."

ఫోన్‌లో పాత ఫొటో చూపించాను. లారీ వెనక పసుపు రంగులో ఒక స, దాని నెత్తిన వేలెడు దూరంలో తలకట్టు. బ్రష్షు ఎత్తి, గాలిలో తిప్పి, మళ్ళీ ఆనించిన గీత. చాచా ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"మస్తు రాసిన గదా," అన్నాడు.

"మస్తు రాసినవ్. గందుకే కంప్లైంట్ గూడ నీ మీదనే."

"బ్రష్షుకు ఖాళీ అంటే గాలి. కత్తికి ఖాళీ అంటే రెండు ముక్కలు. గప్పుడు నాకేం తెల్సు, కత్తి వస్తదని."

అల్లుడు లోపల నుంచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. మామ ముందు గొంతు తగ్గించి మాట్లాడతాడు, కానీ మాట్లాడేది మామకు వినబడేలాగే ఉంటుంది.

"మామూ చెయ్యి వణుకుతాంది మేడం. టోపీలు సరిగ్గ ఒత్తుకుంటలేవు. బస్సుల పని మనది గాదని చెప్తున్న. గా బల్ల తీసేస్తే ఫోన్ కవర్లు, స్క్రీన్ గ్లాసులు పెట్టుకోవచ్చు."

చాచా తన బల్ల మీద చెయ్యి పెట్టాడు. చేతితో పాటు బల్ల మీది స్కేలు కూడా కొంచెం వణికింది.

"బస్సు మీద అక్షరాలు నిలవకపోతే తీసెయ్. నేనే సామాన్ సదురుత. నిలిస్తే మాత్రం నా బల్ల జోలికి రావొద్దు."

"సరే మామూ."

అలా ఒక మనిషి బల్ల, ఆ బల్ల వెనక కూర్చునే మనిషి, ఇద్దరూ నా తలకట్ల మీద ఆధారపడ్డారు. నా ఉద్యోగంలో ఇంత బాధ్యత ఎప్పుడూ లేదు. అక్కడ లేబుల్ వంకరగా వస్తే ఇంకో లేబుల్ అంటిస్తాం.

మర్నాడే కూర్చున్నాను. తలకట్లను కిందికి జరిపి అక్షరాల్లోకి దూర్చాను. ప దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. ఎక్కడపడితే అక్కడ కలిపితే దూరం నుంచి వ అనుకుంటారు. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. తెర మీద పెద్దవి చేసి చూశాను. అతుకు కూడా కనబడలేదు. చాచా అల్లుడి ఫోన్‌కు ఫాంటు పంపి, పప్పన్నం మనశ్శాంతిగా తిన్నాను.

ఆ మనశ్శాంతి సోమవారం సాయంత్రం దుకాణానికి వెళ్ళేదాకా ఉంది. కంటికి కనిపించే అతుకు వేరు, కత్తికి కనిపించేది వేరు. తెర మీద రెండు ఆకారాలు ఒకదానిలో ఒకటి దూరితే మనకు ఒకటే ఆకారం. కత్తికి అవి ఇంకా రెండే. మొదట అక్షరం అంచంతా తిరిగింది, తర్వాత తలకట్టు అంచంతా తిరిగింది, రెండూ దూరిన చోట అడ్డంగా కోసి పారేసింది. ఇదివరకు రెండు ముక్కలుగా ఉన్న స ఇప్పుడు మూడు ముక్కలైంది. దీన్ని అభివృద్ధి అంటారు.

చాచా మళ్ళీ సబ్బు గుడ్డ తెచ్చాడు. స్కూటీ పక్కభాగం మీద ఆ మూడు ముక్కల సను, ముక్కకు ముక్క, ఓపికగా అంటించాడు.

"నేను టోపీ కుట్టమంటే నువ్వు మెడ కోసినవ్ బేటీ."

ఈసారి రెండు ఆకారాలనూ నిజంగానే ఒకటి చేయాలి. చుట్టూ ఒకే గీత ఉండాలి, లోపల ఏమీ మిగలకూడదు. కంప్యూటర్‌కు అప్పగిస్తే అది కలుపుతుంది, కానీ కలిపిన మూలల్లో చిన్న చిన్న ముళ్ళు వదులుతుంది. కత్తి అక్కడ తట్టుకుని షీటును చింపుతుంది. అందుకని ప్రతి అక్షరాన్నీ, దాని గుణింతాల్లో తలకట్టు ఉన్న ప్రతి రూపాన్నీ చేత్తోనే సరిచేశాను. మూడు ఆదివారాలు. ఆ మూడు వారాల్లో అమ్మ నాతో అన్న మాటలు రెండే: "తిన్నవా?", "ఇంక గదేనా?"

నాలుగో శనివారం దుకాణంలో పరీక్ష. మిషన్ కోసింది. చాచా వేస్టు షీటు మూల పట్టుకుని లాగాడు. వాక్యమంతా చెక్కు చెదరకుండా కింద ఉండిపోయింది. ఒక్క టోపీ రాలేదు. చాచా చిమటాను గోడకున్న మేకుకు తగిలించాడు. అల్లుడు కూడా, "అరె వా," అన్నాడు. ఆ క్షణంలో ఎవరైనా శాలువా తెచ్చి ఉంటే నేను భుజం చూపించేదాన్నే.

డ్రైవరు బస్సు తెచ్చాడు. ఎంత మెరుస్తోందంటే, దాని పసుపు రేకులో చూసుకుని నేను జుట్టు సరిచేసుకున్నాను. చాచా పొడి గుడ్డతో ఒకసారి తుడిచి, టేపు మీద ఎత్తిన వాక్యాన్ని ఆనించి, పాత ఐడీ కార్డు ఒకటి తీసుకుని ఒక్కో అక్షరం మీద గీకుతూ ఒత్తాడు. వణికే చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకున్నాడు. ఏ అక్షరాన్నీ తొందరపడి వదల్లేదు. నేను ఫాంటు పేజీలో 'తలకట్లు కలిపాను' అని గర్వంగా రాసుకున్నాను. ఎవరూ చదవలేదు.

పన్నెండు రోజుల తర్వాత డ్రైవరు మళ్ళీ ఫొటో పంపాడు. ఇదివరకు టోపీలే పడేవి. నేను కలిపిన పుణ్యాన ఇప్పుడు మనుషులే పడిపోయారు. 'సహనం' మొత్తం పోయింది. బస్సు వెనక 'బస్సు ఆగినప్పుడు పట్టండి' అని మిగిలింది. ఏం పట్టాలో లేదు.

నేను వెళ్ళేసరికి చాచా బల్ల సొరుగులు ఖాళీ చేస్తున్నాడు. స్కేళ్ళు ఒక డబ్బాలో, బ్లేడ్లు ఒక డబ్బాలో. అల్లుడు ఫోన్ కవర్ల అట్టపెట్టె పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు. లోపలికి తేవడానికి ఆయనకూ మనసు రాలేదు, కింద పెట్టడానికి చోటూ లేదు.

"మళ్ళ సూస్త చాచా. ఫాంట్‌ల ఏదో ఉండొచ్చు."

"ఫాంట్ మంచిగనే ఉన్నది బేటీ. చెయ్యే ఖరాబైంది."

ఇలాంటి చోట నా దగ్గర ఒక జోకు ఉండాలి. వెతికాను. లేదు.

బయటికి వచ్చాక చాచా కూడా వచ్చాడు, చేతిలో సబ్బు గుడ్డతో. పరీక్షలో కోసిన స ఒకటి, టోపీతో సహా ఒకే ముక్క, స్కూటీ వెనకభాగం తుడిచి దాని మీద అంటించాడు.

"గిది కంప్లైంట్ గాదు. మంచిగొచ్చింది. ఉంచుకో."

మర్నాడు ఆదివారం. గౌడవెల్లిలో చుట్టాలింట్లో ఫంక్షన్. అమ్మ నా స్కూటీ మీద రావాలి. బోడి ప మీద, మెడ తెగిన స మీద కూర్చుని నలుగురి ముందుకు వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు. నేను చాయ్ తాగుతుంటే ఆమె వాకిట్లో ముందు గోరుతో, తర్వాత చెంచాతో స్కూటీని గీకుతోంది.

"ఏం బంకనే గిది? గోరిరిగింది. రంగొస్తాంది గని అక్షరం ఊడొస్తలేదు."

"గట్టిగ గీకమ్మా."

"ఇంకెంత గట్టిగ గీకాలె? గీ చిన్న ముక్క గూడ కదులుతలేదు. ఎవలు అంటిచ్చిండ్రే?"

ఆమె చెంచా పెట్టింది మూడు ముక్కల స మీద, వాటిలో అన్నిటికన్నా చిన్న ముక్క మీద. మెంతిగింజంత ఉంటుంది. వణికే చెయ్యి చిమటాతో పెట్టిన ముక్క. రోజూ హైవే దుమ్ములో, ఎండలో, రెండు వానల్లో తిరిగిన ముక్క. అమ్మ చెంచాకు కూడా లొంగలేదు.

అదే చెయ్యి. అదే రేడియం. స్కూటీ మీద నిలిచింది, బస్సు మీద నిలవలేదు.

చాయ్ అక్కడే పెట్టేశాను. ఫంక్షన్‌కు అమ్మను అలాగే, అక్షరాలతో సహా, దింపి వచ్చాను. దారంతా ఆమె చేతికందినవాటిని కొంగుతో కప్పుకుంది.

సోమవారం గోడౌన్‌లో సగం రోజు సెలవు పెట్టి, పొద్దున్నే చాచాను స్కూటీ వెనక ఎక్కించుకున్నాను. ఎందుకో చెప్పలేదు, నా అనుమానం తప్పైతే ఇద్దరికీ సిగ్గు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా చాచా అన్న మాట ఒకటే: "గుంతలు సూడు బేటీ." ఎనిమిదిసార్లు అన్నాడు.

పిల్లల్ని దింపేసి, బస్సు బడి వెనక రేకుల షెడ్డులో ఆగి ఉంది. డ్రైవరు ప్యాంటు మడిచి, పక్కన ఒక డబ్బా పెట్టుకుని, పాత గుడ్డ దాంట్లో ముంచి బస్సు వెనకభాగం రుద్దుతున్నాడు. ముందుగా వాసన వచ్చింది.

"సలాం చాచా. మీరెందుకొచ్చిండ్రు, నేనే తెస్తుంటి గదా. సూడుండ్రి, మీ అక్షరాలని రోజు రెండుమాట్ల తుడుస్తున్న. పొద్దుగాల ఒకపారి, పొద్దుమూకి ఒకపారి."

"దేంతోని?" అన్నాడు చాచా.

"డీజిల్‌తోని. మస్తు మెరుస్తది."

"అంటియ్యడానికి నా దగ్గరికి తెచ్చే ముందు గూడ తుడ్సినవా?"

"గప్పుడు ఇంక ఎక్కువ తుడ్సిన చాచా. పెద్దమనిషి చెయ్యి పడతాంది, మురికి బండి తెస్తనా?"

చాచా బస్సు మీద వేలితో ఒక గీత గీశాడు. ఆ వేలు తను వాసన చూసి, తర్వాత నా ముక్కు దగ్గర పెట్టాడు. వేలు జారుతోంది. మేడ్చల్‌లో అందరి బండ్లూ దుమ్ముతోనే వస్తాయి. దుమ్ము బండిని చాచా సబ్బుతో కడగకుండా వదలడు. ఇంత మెరుస్తూ వచ్చిన బండిని కడగమని ఏ మనిషంటాడు? నూనె పొర మీద అంటించాం. ఆ పైన రోజుకు రెండుసార్లు, గౌరవంతో, నూనె రాశాడు.

చాచా కుడిచేతిని ముందుకు చాపి చూసుకున్నాడు. అది వణుకుతూనే ఉంది.

"వణుకుతాంది," అన్నాడు. "వణుకనియ్. పడేసింది గిది గాదు."

డ్రైవరుకు ఏమీ అర్థం కాలేదు. తప్పు తనదని తెలిశాక గుడ్డను వీపు వెనక దాచుకున్నాడు. చాచా తిట్టలేదు. "నీ అసొంటి మనిషి ఒక్కడుంటే సాలు, దుకాణం ఎత్తిపెట్టనీకి," అన్నాడంతే. అది తిట్టో మెచ్చుకోలో తేల్చుకునే లోపల డ్రైవరే వెళ్ళి సబ్బు తెచ్చాడు.

ఆ శనివారం మళ్ళీ అంటించాం. ఆ వానాకాలం మొత్తం ఒక్క అక్షరం కదల్లేదు. బల్ల ఎక్కడిది అక్కడే ఉంది. అల్లుడు ఫోన్ కవర్లను బల్ల పైన తాడు కట్టి వేలాడదీశాడు. లేచినప్పుడల్లా నెత్తికి తగులుతున్నాయని చాచా, కూర్చునే ఉండమని అల్లుడు.

ఇక నా మూడు ఆదివారాల సంగతి. బస్సు పక్కభాగానికి బడి పేరు రాయాల్సి వచ్చినప్పుడు, చాచా నా కొత్త ఫాంటు వద్దన్నాడు. పాతదే పెట్టమన్నాడు, టోపీలు గాలిలో ఉన్నది. "నా అక్షరానికి ఖాళీ ఉండాలె," అన్నాడు. మేకుకున్న చిమటా తీసుకున్నాడు. మధ్యాహ్నం మొదలుపెట్టి చాయ్ వేళకు పూర్తిచేశాడు, మణికట్టు పట్టుకుని, ఒక్కో టోపీ ఒక్కో నెత్తిన. అవీ నిలిచాయి. కొత్త అక్షరాలు ఎంత బాగా నిలిచాయో పాతవీ అంతే బాగా నిలిచాయి. అంటే తలకట్లు అసలు కలపకపోయినా ఏమీ అయ్యేది కాదు.

ఇప్పుడు ఫాంటులో రెండు రకాలూ ఉంచాను. పేజీలో 'ఈసారి మార్పులు' అని ఉండే చోట తలకట్ల గురించి మూడు పేరాలు రాసి, చదువుకుని, మూడూ తీసేశాను. వాటి బదులు ఈ ఒక్క వరుస పెట్టాను: రేడియం అంటించే ముందు బండిని సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, డీజిల్ గుడ్డతో తుడవకూడదు.